కచేరీ కబుర్లు: ఇచ్చి పుచ్చుకొనే చదువు

ఈ నెల విషయం మాకు చదువరులే ఇచ్చారు. “మా అమ్మాయి బడిలో జర్మను భాష నేర్పుతున్నారు. పిల్లలను మూడు వారాలు జర్మనీ తీసికొని పోతారట. పంపవచ్చునా?” అని సంఘం సమావేశాలలో అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. బెంగుళూరు, చెన్నపట్టణం, పుణే నగరాలలో మాక్స్ ముల్లర్ భవనాలు వెలసి అర్ధశతాబ్దం దాటింది. ఆ భాష కొన్ని బడులలోనికి కూడ వచ్చి కూర్చున్నది. కనుక ప్రశ్న సమంజసమైనదే.

మేము జర్మను పండితులము కాము. మెట్రిక్‌తో చదువు చాలించి, బెంగుళూరులో ఒక బడి కచేరీలో గుమాస్తాగా ఉన్నవాళ్లము. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, ఇదే మా పాండిత్యం. అయితే మా బడి జర్మను టీచరమ్మ ఈ పని తలకెత్తుకొన్నప్పుడు, మొదటి ఉత్తరం నుండి చివరి రశీదు దాకా ఆ ఫైలు మా బల్ల మీదుగానే నడిచింది. అందుచేత నాలుగు మాటలు చెప్పే అర్హత ఉన్నదనుకొంటున్నాము.

పంపవచ్చునా అంటే, నిస్సందేహంగా పంపవచ్చును. కాని అది సగం ప్రశ్న. తక్కిన సగం ఎవరూ అడగటం లేదు. వారి పిల్ల వచ్చి మన ఇంట రెండు మూడు వారాలు ఉండవచ్చునా?

దీనిని ఇంగ్లీషులో ఎక్స్ఛేంజి అంటారు. మన పెద్దలకు ఇందులో కొత్త ఏమీ లేదు. కుండమార్పిడి సంబంధాలు ఎరుగని కుటుంబం మనలో ఉన్నదా? వారి పిల్ల మన ఇంటికి, మన పిల్ల వారి ఇంటికి. మన బిడ్డ అక్కడ ఉన్నది కనుక ఇక్కడి బిడ్డను అత్తగారు మరికాస్త భద్రంగా చూచుకొంటుంది. ఈ బడుల ఏర్పాటు కూడ ఆ సూత్రం మీదనే నిలిచి ఉన్నది. ఒక వైపు నుండే పిల్లలు పోయివస్తూ ఉంటే దానిని విహారయాత్ర అనాలి. అందుకు టిక్కెట్టు కంపెనీ చాలును, టీచరమ్మ అక్కరలేదు.

ఈ పద్ధతి యూరపులో ఎందుకు వేళ్లూనిందో తెలిస్తే దాని విలువ బోధపడుతుంది. 1870 నుండి 1945 లోపల జర్మనీ, ఫ్రాన్సు దేశాలు మూడు మార్లు యుద్ధం చేసికొన్నవి. 1963 జనవరి 22 న ఫ్రెంచి అధ్యక్షుడు ద గోల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలరు అడెనావర్ పారిస్‌లో స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆ సంవత్సరమే రెండు దేశాలూ కలిసి యువజనుల కోసం ఒక కార్యాలయం తెరిచినవి. అది మొదలు నేటివరకు 90 లక్షలకు పైగా పిల్లలు, యువకులు దాని కార్యక్రమాలలో పాల్గొన్నారు. తాతలు ఒకరి మీద ఒకరు తుపాకులు ఎత్తిన ఊళ్లలో మనుమలు ఒకరి ఇంట ఒకరు భోజనం చేశారు. శత్రువు ఇంటి వంటగది చూచిన పిల్లవానికి ఆ ఇంటిని ద్వేషించడం అంత సులభం కాదని ఆ పెద్దలు గ్రహించారు.

మనకూ జర్మనీకీ పగలు లేవు. అయినా దారి అదే. జర్మను విదేశాంగ శాఖ 2008 లో ‘పాష్’ అనే పేరుతో ఒక ఏర్పాటు మొదలుపెట్టి, జర్మను నేర్పే బడులను ప్రపంచమంతటా కలుపుతూ వచ్చింది. అవి సుమారు 2,000 దాకా ఉంటవి. మన దేశపు బడులు కూడ అందులో ఉన్నవి. జర్మనీ రాష్ట్రాల విద్యామంత్రుల సంఘానికి బడుల రాకపోకలు చూచే శాఖ ఒకటి బాన్ నగరంలో ఉన్నది. ఇవన్నీ సాయపడతవి. కాని శాఖలు పిల్లలను కలపవు. ఈ చివర ఒక టీచరు, ఆ చివర ఒక టీచరు, ఇద్దరికీ ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం కుదరాలి.

మా టీచరమ్మ ప్రయాణానికి ఏడాదిన్నర ముందు పని ప్రారంభించింది. ఆమె కోరుకొన్నది పెద్ద నగరపు బడి కాదు, చిన్న ఊరిలోని గిమ్నాజియుం. ఆ మాట విని మా కచేరీలో కొందరు కుస్తీపట్ల సాముగరిడీ అనుకొన్నారు. జర్మనీలో పై చదువుకు తీసికొని పోయే ఉన్నత పాఠశాలకు ఆ పేరు. అక్కడి ఇంగ్లీషు టీచరుకు ఈమె జర్మనులో వ్రాసేది, ఆయన ఇంగ్లీషులో బదులిచ్చేవాడు. ఆరు నెలల పాటు పిల్లల చేత ఉత్తరాలు వ్రాయించారు. ఆ తరువాతనే ప్రయాణం మాట ఎత్తారు.

ఇక తేదీలు. జర్మనీలో 16 రాష్ట్రాలు, ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క సెలవుల పట్టిక. అతిథులు వచ్చినప్పుడు బడి నడుస్తూ ఉండాలి, లేకపోతే వారు తరగతిలో కూర్చొనేదెప్పుడు? మనకు వేసవి సెలవులైన ఏప్రిలు, మే నెలలలో అక్కడ బడి చాలవరకు నడుస్తూ ఉంటుంది. వారికి శరత్కాలపు సెలవులు ఎక్కువగా అక్టోబరులో వస్తవి. అప్పుడు మనకు దసరా. దసరా ఏటేటా జరుగుతూ ఉంటుంది గదా! టీచరమ్మ ఒక ప్రక్క జర్మను పట్టిక, మరొక ప్రక్క మన పంచాంగం పెట్టుకొని, ఒక వారం బడి, ఒక వారం పండుగ కలిసివచ్చేటట్లు వారి రాకను కుదిర్చింది. మన పిల్లలు మే నెలలో పోవాలని నిర్ణయమైంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. జర్మనీ పోవడానికి పేర్లిమ్మంటే పందొమ్మిది మంది ఇచ్చారు. అతిథిని ఇంట ఉంచుకొనేవారు చెప్పండి అంటే అయిదుగురు చేయి ఎత్తారు. మిగిలినవారి కారణాలన్నీ మా బల్ల ముందుకే వచ్చినవి. ఇల్లు చిన్నది. స్నానాల గది ఒక్కటే. ఇంట్లో పెద్దావిడ మడి కట్టుకొంటుంది. మేము మాంసం వండము. వారికి మన కారం పడదు. అన్నిటికంటె పెద్దది, “వాళ్లు మన ఇల్లు చూచి ఏమనుకొంటారో!” అనేది.

టీచరమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఒకే ఒక నియమం పెట్టింది. ముందు వారు వస్తారు, తరువాత మనము పోతాము. ఇంట ఉంచుకొన్న కుటుంబపు బిడ్డకే ప్రయాణంలో మొదటి హక్కు. అంతే కాదు, సాయంకాలాలు నడచి ప్రతి ఇంటికీ తానే వెళ్లింది. “మేడ అక్కరలేదమ్మా. ప్రత్యేకమైన పరుపు, తలుపు గడియ పడే స్నానాల గది, కాచి చల్లార్చిన నీళ్లు, ఇంటిలో ఒక పెద్దదిక్కు. ఈ నాలుగూ ఉంటే చాలు” అని చెప్పింది. పన్నెండు ఇళ్లు కుదిరినవి. పందొమ్మిది పేర్లలో ఏడు తగ్గినవి. తగ్గినవారిలో పెద్ద పెద్ద ఇళ్లవారు కూడ ఉన్నారు. ఒకరిద్దరు ప్రధానోపాధ్యాయుల దాకా పోయి ఫిర్యాదు చేశారు. ఆయన నియమం మార్చలేదు.

ఆ పన్నెండు ఇళ్లలో ఒకటి మన తెలుగువారిది. నాలుగు తరాల క్రితం అనంతపురం జిల్లా నుండి వచ్చి స్థిరపడిన కుటుంబం, తండ్రికి దర్జీ దుకాణం. రెండు గదుల ఇల్లు. ఆ ఇంట మడి పాటించే అవ్వ ఉన్నది. వచ్చిన అమ్మాయికి పదిహేనేళ్లు. మొదటి రాత్రి అవ్వ వంటింటి గడప చూపించి, “ఇది దాటవద్దు, తక్కిన ఇల్లంతా నీదే” అన్నది. మనుమరాలు జర్మనులో చెప్పింది. ఆ అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదట. తమ అమ్మమ్మ కూడ వంటింట్లోకి ఎవరినీ రానివ్వదు అన్నదట! దసరా బొమ్మల కొలువు సర్దేటప్పుడు అవ్వ ప్రక్కన కూర్చుని బొమ్మలు తుడిచింది. నేర్చుకొన్న మొదటి తెలుగు మాట ‘చాలు’. అవ్వ వడ్డిస్తుంటే ఎవరైనా మొదట నేర్వవలసిన మాట అదే. తిరిగిపోయే రోజున అవ్వ బొట్టు పెట్టి రవికగుడ్డ చేతిలో పెట్టింది. “ఇది మన పిల్లకు ముందుగా ఇచ్చిన వాయనం, అక్కడ తిరిగి వస్తుంది” అని మాతో అన్నది. ఎక్స్ఛేంజి అంటే ఏమిటో అంతకంటె స్పష్టంగా చెప్పినవారిని మేము చూడలేదు.

మే నెలలో వాయనం తిరిగి వచ్చింది, కాని ఒక పూట ఆలస్యంగా. మన ఇళ్లలో ‘వద్దండీ’ అనడం మర్యాద, మళ్లీ వేయడం ఇల్లాలి మర్యాద. జర్మనీలో వద్దంటే వద్దనే అర్థం. మన పిల్లలు మొదటి రాత్రి మర్యాదకు వద్దన్నారు, వారు మర్యాదగా గిన్నె ప్రక్కన పెట్టేశారు. అందరూ సగం కడుపుతో పడుకొన్నారు. మర్నాటికి అందరూ ‘అవును, కావాలి’ అనే మాటను తడబడకుండా జర్మనులో అనగలిగారు. ఏడాది పాఠం చేయని పని ఆ ఒక్క రాత్రి చేసింది!

పోయే పిల్లలకు చెప్పవలసినవి మరికొన్ని ఉన్నవి. అక్కడ చాల ఇళ్లలో రాత్రి వేడి వంట ఉండదు. రొట్టె, వెన్న, జున్ను, ఊరగాయలు. శాకాహారులమని ముందే వ్రాస్తే ఇబ్బంది లేదు. ఆదివారం దుకాణాలు చాలవరకు మూసి ఉంటవి, ఇంట మోత చేయకూడదు. చెత్తను రకరకాలుగా వేరు చేసి వేరువేరు డబ్బాలలో వేయాలి. ప్లాస్టికు నీళ్లసీసా కొంటే 25 సెంట్లు ధరావతు పడుతుంది, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ సొమ్ము వస్తుంది. కుక్క ఇంటిలోపలే తిరుగుతుంది. ఏడు గంటలకు అంటే ఏడు గంటలకే.

భాష సంగతి కూడ ఒక మాట. మన పిల్లలు జర్మనుకు భయపడనక్కరలేదు. ఇంగ్లీషులో అందరూ ‘యూ’ యే. జర్మనులో మాత్రం మన వలెనే రెండు ఉన్నవి. చనువుగా ‘డు’, గౌరవంగా ‘జీ’. మన ‘నువ్వు’, ‘మీరు’ అనుకోండి. ఎవరిని ఏది అనాలో కన్నడ బిడ్డకూ తెలుగు బిడ్డకూ ఎవరూ నేర్పనక్కరలేదు. సమాసాలూ మన వంటివే. చేతితొడుగును వారు ‘చేతిచెప్పు’ అంటారు, ఆసుపత్రిని ‘రోగుల ఇల్లు’ అంటారు. వాక్యంలో క్రియను కొన్ని చోట్ల చివరికి తోస్తారు, అది మనకు పుట్టుకతో వచ్చిన విద్య. పైగా ఇంట ఒక భాష, వాకిట మరొక భాషగా పెరిగిన మన పిల్లలకు మాట తెలియని చోట నవ్వి, చేయి ఆడించి, మళ్లీ ప్రయత్నించే ధైర్యం సహజంగా ఉంటుంది. దర్జీగారి అమ్మాయి అక్కడ అందరికంటె ముందు నోరు విప్పిందని టీచరమ్మ చెప్పినప్పుడు మాకు ఆశ్చర్యం కలుగలేదు.

ఇప్పుడు మా శాఖకు, అనగా కాగితాలకు వద్దాము. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా 5 ఏళ్లకో, 18 ఏళ్లు నిండేదాకానో, ఏది ముందైతే దానివరకే చెల్లుతుంది. తిరుగు ప్రయాణం తరువాత కనీసం 3 నెలల గడువు మిగిలి ఉండాలి. చాలమంది ఇక్కడే ఆగిపోతారు, కనుక ముందు ఇది చూచుకోవాలి. షెంగెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుండి ఇవ్వవచ్చును, 15 రోజులకంటె ఆలస్యం కాకూడదు. చదువు నిమిత్తం పోయే బడి పిల్లలకు, వెంట పోయే ఉపాధ్యాయులకు వీసా రుసుము లేదు. ఈ సంగతి తెలియక కట్టేవారు ఉన్నారు. దరఖాస్తు పుచ్చుకొనే కేంద్రపు సేవా రుసుము మాత్రం వేరు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పదు. తల్లి, తండ్రి ఇద్దరి సమ్మతి పత్రం కావాలి. అక్కడి బడి పంపిన ఆహ్వానంలోని పేర్లు, పాస్‌పోర్టులోని పేర్లు అక్షరం తప్పకుండా సరిపోవాలి. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఒక కాగితంలో వెనుక ఉంటవి. ఆ ఒక్క కారణాన మేము మూడు రోజులు కూర్చుని పట్టికలు దిద్దవలసివచ్చింది.

వచ్చేవారి విషయంలో ఇంటివారికి ఒక బాధ్యత ఉన్నది. విదేశీయులు మన ఇంట దిగితే 24 గంటలలోగా విదేశీయుల నమోదు కార్యాలయానికి తెలియజేయాలి. వాడుకలో దీనిని ‘సి ఫారం’ అంటూ వచ్చారు. పన్నెండు ఇళ్లకూ బడి కచేరీయే కూర్చుని ఆ పని చేసిపెట్టింది. ఏ బడి అయినా అట్లా చేస్తే ఇంటివారికి సగం బెదురు తీరుతుంది.

టీచర్లకు కూడ మా మనవి ఒకటి. సొమ్ము మీ చేతితో తాకవద్దు. వేరే ఖాతా, ప్రతి పైసకు రశీదు, తిరిగివచ్చిన నెలలోగా తల్లిదండ్రుల ముందు లెక్క. వెంట ఇద్దరు ఉపాధ్యాయులు పోవాలి, వారిలో ఒకరైనా స్త్రీ కావాలి. బిడ్డకు ఒక ఇంట పొసగకపోతే మార్చడానికి మరొక ఇల్లు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. “ఇక్కడ నాకు బాగాలేదు” అని రాత్రి పదకొండుకైనా చెప్పుకొనే ఫోను నంబరు ప్రతి బిడ్డ జేబులోనూ ఉండాలి. ఆ బిడ్డ చెప్పినది ముందు వినాలి, సంజాయిషీలు తరువాత.

ఇక కష్టమైన సంగతి. దర్జీగారి ఇంట అతిథి పద్నాలుగు రోజులు ఉన్నది గాని, వారికి విమానపు టిక్కెట్టు కొనే తాహతు లేదు. ఇంట ఉంచుకొన్నవారి బిడ్డ పోలేకపోతే టీచరమ్మ పెట్టిన నియమానికి అర్థమేమున్నది? జర్మను బడి పిల్లలు విరామవేళ కేకులు అమ్మి సొమ్ము పోగుచేశారు, పంపుతామన్నారు. విదేశీ సొమ్ము పుచ్చుకొనాలంటే బడికి ప్రభుత్వ అనుమతి ఉండాలి, మాకు లేదు. ఆ మాట మేము చెప్పగా, ఆ సొమ్ముతో అక్కడి రైలు ఖర్చులు, విహారాల ఖర్చులు వారే భరించారు. టిక్కెట్టుకు పాత విద్యార్థులు సగం, తక్కిన పదకొండు కుటుంబాలు సగం వేసికొన్నవి. ఎవరు ఎంత ఇచ్చారో అమ్మాయికి తెలియనీయలేదు. ఫైలులో ఆ పుట ఒక్కటే మూసి ఉంచాము.

ఇంత శ్రమ దేనికి, భాష పుస్తకంలో రాదా అనేవారికి పాత కథ ఒకటి. 1706 లో జీగెన్‌బాల్గ్ అనే జర్మను యువకుడు తరంగంబాడిలో దిగి, వీధిబడి పిల్లల మధ్య కూర్చుని ఇసుకలో వ్రేలితో అరవ అక్షరాలు దిద్దాడు. అతని తరువాత 1719 లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ చెన్నపట్టణంలో తెలుగు నేర్చి, వ్యాకరణం వ్రాసి, స్వదేశం పోయి 1746-47 ప్రాంతంలో హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు చరిత్రలో మొదటివిగా వాటినే చెబుతారు. కిట్టెల్ 1894 లో మంగుళూరు నుండి కన్నడ నిఘంటువు వెలువరించాడు. వారు వచ్చింది మతప్రచారానికే కావచ్చు. భాష మాత్రం ఇక్కడివారి అరుగుల మీద కూర్చునే నేర్చారు. అరుగు చూపినవారు లేకపోతే ఆ పుస్తకాలు లేవు.

అన్న వస్త్రాలకు పొట్టచేత పట్టుకొని పరభాషా ప్రాంతాలకు వచ్చిన మన ముత్తాతలకు కూడ ఎవరో ఒకరు అరుగు చూపించారు. ఆ ఋణం తీర్చుకొనే దారులలో ఇది ఒకటి అని మా అభిప్రాయం. కనుక మీ బడి నుండి అటువంటి కాగితం వస్తే, ‘పంపుతాము’ అనే గడిలో గుర్తు పెట్టే ముందు ‘ఉంచుకొంటాము’ అనే గడి చూడండి. ఇంట ఒక పరుపు వేసే చోటు ఉన్నదేమో కొలవండి. ఉంటే, రెండు గడులలోనూ గుర్తు పెట్టి సంతకం చేయండి. పాస్‌పోర్టు గడువు కూడ ఆనాడే చూచుకొనండి.